మొగ దాటే నిమిషం

గణకుడు: నా వాదన చిన్నది. పోటు పట్టికలో రోజుకు నాలుగు వరసలుంటాయి. రెండు పోట్లు, రెండు ఆట్లు, వాటి వేళలు, మట్టాలు. బోటు నడిపేవాడికి కావలసింది ఆ నాలుగూ కాదు. నది మొగ దగ్గర ఇసుక మేట మీద తన బోటుకు సరిపడా నీళ్లు ఎన్నింటికి వస్తాయన్నదే అతని ప్రశ్న. ఆ వేళ రెండు వరసల మధ్య ఎక్కడో ఉంటుంది. దాన్ని స్ప్రెడ్‌షీట్ ఒక్క సూత్రంతో బయటికి తీస్తుంది. తీయగలిగి కూడా తీయకపోవడం తప్పంటాను.

నావికుడు: తీయొద్దని నేనూ అనను బాబూ. తీసి ఏమని చెబుతున్నావన్నదే పేచీ. మేట మీద నీళ్లెప్పుడొస్తాయంటే నీ షీటు 8 గంటల 35 నిమిషాలు అంటుంది. ఇరవై నిమిషాలు ముందూ కావచ్చు, వెనకా కావచ్చు. అలాంటి సంగతిని ఒకే నిమిషంగా అచ్చు వేస్తే చదివేవాడు దాన్ని రైలు టైము అనుకుంటాడు.

గణకుడు: ఆ 8:35 ఎలా వచ్చిందో ముందు చెప్పనివ్వండి కెప్టెన్ గారూ. మన కోస్తాలో అమావాస్యకు దగ్గరి రోజు ఒకటి ఊహించుకుందాం. తెల్లవారి 5:10కి పూర్తి ఆటు, మట్టం 0.3 మీటరు. 11:20కి పూర్తి పోటు, 1.5 మీటర్లు. మేట మీద చార్టు చూపే లోతు 0.8 మీటరు. బోటు నీళ్లలో 1.5 మీటర్లు దిగుతుంది, అడుగున 0.3 మీటరు వెసులుబాటు ఉంచుకుందాం. అంటే చార్టు లోతుకు తోడు సముద్రం 1.0 మీటరు ఇవ్వాలి. త్రైరాశికం వేసేవాడు 370 నిమిషాల్లో 1.2 మీటర్లు పెరిగితే 0.7 మీటరుకు ఎంతసేపని లెక్కగట్టి 8:46 అంటాడు. కానీ నీరు ఒకే జోరున ఎక్కదు. ఆటు దగ్గర మందంగా కదిలి, నడుమ ఊపందుకుని, పోటు దగ్గర మళ్లీ నెమ్మదిస్తుంది. కొసైన్ వంపు ఆ నడకకు చాలా దగ్గర. దాన్ని తిరగేస్తే వేళ వస్తుంది. కావలసిన మట్టంలోంచి ఆటు మట్టం తీసెయ్యాలి, మొత్తం పెరుగుదలతో భాగించాలి, రెట్టింపు చేసి 1లోంచి తీసెయ్యాలి. దానికి ఏకాస్, అంటే కొసైన్‌ను తిరగేసే ఫంక్షన్, కట్టి, π (పై)తో భాగించి, 370 నిమిషాలతో గుణించి, 5:10కి కలపాలి. 8:35 వస్తుంది.

నావికుడు: త్రైరాశికానికీ దీనికీ తేడా 11 నిమిషాలు. అంతేనా?

గణకుడు: ఇక్కడ అంతే, ఎందుకంటే మనం నడిమట్టానికి దగ్గర్లో ఉన్నాం. తేలికపాటి బోటు తీసుకోండి, 0.6 మీటరు చాలనుకోండి. త్రైరాశికం 6:42 అంటుంది, కొసైన్ 7:13 అంటుంది. ఎత్తులో పావు వంతు ఎక్కడానికి కాలంలో మూడో వంతు పడుతుంది. త్రైరాశికాన్ని నమ్మి 6:42కి మొగలోకి వెళ్లినవాడు అరగంట ముందే మేట మీదుంటాడు. నడిమట్టానికి కింద ఈ తప్పు ఎప్పుడూ ప్రమాదం వైపే వస్తుంది. నీరు తక్కువున్నప్పుడే ఎక్కువుందని చెబుతుంది.

నావికుడు: ఆ వంపుతో నాకు తగాదా లేదు. ఓడల్లో పన్నెండో వంతుల లెక్క మేం నోటితోనే వేసేవాళ్లం. ఆటు నుంచి పోటుకు ఆరు గంటలనుకుంటే మొదటి గంటలో మొత్తం పెరుగుదలలో పన్నెండో వంతు, రెండో గంటలో రెండు వంతులు, తర్వాత మూడు, మూడు, రెండు, ఒకటి. అదీ నీ కొసైనే. మూడో వంతు కాలం, అంటే రెండు గంటలు గడిస్తే మూడు పన్నెండో వంతులు, సరిగ్గా పావు. కాకపోతే ఆ లెక్క మోటుది. మోటుదని వేసేవాడికి తెలుసు. ఆ మోటుతనం చూసే అతను పైన కాస్త చేర్చుకునేవాడు. నీ గడిలో అంకె నునుపుగా కనిపిస్తుంది. తనలో ఎంత తప్పుందో అది చెప్పదు.

గణకుడు: మోటుతనం ఒక సుగుణమని ఒప్పుకోలేను. అంకె నునుపుగా ఉందన్నదే ఇబ్బందైతే గడిని పావుగంటకు సవరించమంటే సవరిస్తుంది. ఇంకో సంగతి చూడండి. ఫోనులో వచ్చే యాప్ కూడా ఒక వేళ చెబుతుంది, అది ఏ లెక్కతో వచ్చిందో ఎవరికీ తెలియదు. షీటులో గడి మీద వేలు పెడితే సూత్రం కనబడుతుంది. సర్వే ఆఫ్ ఇండియా ఏటా వేసే పోటు పట్టికలోంచి నాలుగు అంకెలు ఎక్కించామా, బోటు ఎంత లోతు దిగుతుందో రాశామా, అంతే. ఏ బోటుకా వేళ వస్తుంది. తప్పుంటే పదో తరగతి చదివిన కుర్రాడైనా పట్టుకోగలడు.

నావికుడు: సూత్రంలో తప్పుంటే పట్టుకుంటాడు. లోపలికి ఎక్కించిన అంకెలో తప్పుంటే? పట్టికలోని 1.5 మీటర్లు జోస్యం. చంద్రుడూ సూర్యుడూ ఎంత లాగుతారో, ఏ నెలలో సముద్రం సగటున ఎంత ఎత్తుంటుందో అందులో ఉంది. ఈ వారం గాలి ఎటు తోస్తోందో అందులో లేదు. గాలి పీడనం ఒక మిల్లీబారు పడితే నీరు సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది, అదీ లేదు. మన తూర్పు తీరంలో మార్చి సముద్రం వేరు, నవంబరు సముద్రం వేరు. సగటు మట్టమే పదుల సెంటీమీటర్లు మారుతుంది. ఆ మార్పు ఏటా ఒకే తీరున రాదు. అందుకని నీరు పట్టిక కంటే 10 సెంటీమీటర్లు అటో ఇటో ఉండటం వింతేమీ కాదు. ఆ 10 సెంటీమీటర్లను నీ సూత్రంలోనే పెట్టి చూడు.

గణకుడు: చూశాను. 10 పెరిగితే 8:15, తగ్గితే 8:55.

నావికుడు: ఇప్పుడు బరువు బోటు తీసుకో. 1.4 మీటర్లు కావాలి.

గణకుడు: పట్టిక ప్రకారం 10:11. నీరు 10 పెరిగితే 9:41. తగ్గితే... 11:20, సరిగ్గా నిండు పోటు.

నావికుడు: అంటే అరగంట ముందు, లేదా గంటా తొమ్మిది నిమిషాలు వెనక. ఇక అష్టమి రోజులకు రా. ఆటు 0.7, పోటు 1.1, వ్యవధి అదే అనుకో. 1.0 మీటరు కావాలి. నీరు 10 సెంటీమీటర్లు తగ్గితే రెండు గంటలకు పైగా ఆలస్యం. ఇంకొక్క రెండు సెంటీమీటర్లు తగ్గితే ఆ పూట నీరే రాదు. రెండు సెంటీమీటర్ల అవతల ‘ఎప్పటికీ రాదు’ అనే జవాబు కూర్చుని ఉంటే, ఇవతల గంటా నిమిషాలూ రాయడం ఏ రకం నిజాయితీ?

గణకుడు: కానీ ఈ మాట మీకు ఎవరు చెప్పారు? నా సూత్రమే చెప్పింది. అదే మట్టాన్ని 10 సెంటీమీటర్లు జరిపి మళ్లీ లెక్కించాం, తప్పు ఎంత పెద్దదో బయటపడింది. నోటిలెక్క వేసేవాడికి ఇది తోచినా ఎంతో తెలియదు. నడిమట్టం దగ్గర 20 నిమిషాలు, పోటు దగ్గర గంట, అష్టమికి రెండు గంటలు. వాలు ఎక్కువున్న చోట వేళ నిలకడగా ఉంటుంది, వాలు పడుకున్న చోట జారిపోతుంది. ఖంభాత్ అఖాతంలో భావ్‌నగర్ దగ్గర పోటుకీ ఆటుకీ పది మీటర్ల దాకా తేడా ఉంటుంది. అక్కడ నడిమట్టంలో ఆ 10 సెంటీమీటర్లు తెచ్చే తేడా రెండు మూడు నిమిషాలే. మన దగ్గర ఒకటి, ఒకటిన్నర మీటర్ల పోటు కాబట్టి అదే సూత్రం మెతకగా మాట్లాడాలి. ఆ మెతకతనాన్ని కూడా షీటులోనే రాయొచ్చు. ముందు, నడుమ, వెనక అని మూడు నిలువు వరసలు పెడతాను. సరేనా?

నావికుడు: మూడు వరసల సంగతికి వస్తాను. ముందు తరావా గుర్తు చేసుకో. 1943 నవంబరు 20. పసిఫిక్‌లో, తరావాలోని బేషియో దీవి మీద అమెరికా మెరైన్లు దిగారు. నువ్వు వేసుకున్న ప్రశ్నే వాళ్లూ వేసుకున్నారు, పగడపు దిబ్బ మీద పడవలకు సరిపడా నీళ్లు ఎన్నింటికి వస్తాయని. పడవకు దాదాపు నాలుగు అడుగుల నీరు కావాలి. పొద్దు ఎక్కేకొద్దీ వస్తుందనుకున్నారు. రాలేదు. గంటలు గడిచినా మట్టం పెద్దగా కదలలేదు. పడవలు దిబ్బ అంచున ఆగిపోతే మనుషులు తుపాకులకు ఎదురుగా వందల గజాలు నీళ్లలో నడిచారు. ఆ దీవుల్లో ఏళ్లతరబడి బతికిన మేజర్ ఫ్రాంక్ హాలండ్ ఆ రోజుల్లో పోటును నమ్మవద్దని ముందే చెప్పాడు. ఆయన దగ్గర ఉన్నది సూత్రం కాదు, ఆ నీళ్లతో పరిచయం.

గణకుడు: తరావా నా వైపు కూడా మాట్లాడుతుంది. అక్కడ ఏం జరిగిందో 1987లో తేల్చింది డొనాల్డ్ ఓల్సన్ వేసిన లెక్కే. చంద్రుడు అర్ధబింబంగా ఉన్న రోజు, పైగా భూమికి బాగా దూరంగా ఉన్న రోజు. రెండూ కలిసి పోటును చదును చేసేశాయి. సరైన పోటు మట్టం గడిలో ఉండి ఉంటే, కావలసిన నాలుగు అడుగులు పోటు మట్టాన్ని దాటిపోయేవి. అప్పుడు ఏకాస్‌కు జవాబుండదు. గడిలో వేళకు బదులు నమ్ అనే ఎర్రర్ వస్తుంది. ‘ఈ పూట నీళ్లు రావు’ అని సూత్రం అంతకంటే గట్టిగా ఎలా చెబుతుంది? చాలామంది ఆ ఎర్రర్ చూసి చిరాకుపడి తుడిచేస్తారు. నన్నడిగితే షీటు మొత్తంలో పనికొచ్చే గడి అదే.

నావికుడు: సరైన మట్టం గడిలో ఉంటే అన్నావు. ఆ మాట దగ్గరే నేనాగాను. వాళ్ల దగ్గర లేనిది అదే.

గణకుడు: లేకపోతే సంపాదించాలి. మరుసటి ఏడాదే అలా చేశారు కదా. 1944 జూన్‌లో నార్మండీ తీరంలో దిగడానికి ఆర్థర్ డూడ్సన్ లివర్‌పూల్ దగ్గర బిడ్‌స్టన్‌లో చక్రాలూ కప్పీలూ ఉన్న పోటు యంత్రాల మీద లెక్క వేశాడు. జర్మన్లు ఇసుకలో పాతిన అడ్డంకులు నీటి పైకి కనిపించే వేళ కావాలి, అప్పటికి వెలుతురు రావాలి. అదీ ఇచ్చిన మట్టానికి వేళ కట్టడమే. లెక్క లేకుండా ఆ తేదీ ఎవరు చెప్పగలిగేవారు?

నావికుడు: ఎవరూ చెప్పలేరు, ఒప్పుకుంటాను. కానీ డూడ్సన్‌కు అంకెలు ఎక్కడివి? రాత్రిళ్లు చిన్న పడవల్లోనూ బుల్లి జలాంతర్గాముల్లోనూ వెళ్లి ఆ తీరంలోనే కొంత నీటిని కొలిచి తెచ్చారు. ఇంకొకటి, ఆయన నీలా ఒక పోటు నుంచి ఒక ఆటుకు ఒకే కొసైన్ గీయలేదు. ఆ తీరంలో అది కుదరదు. ఇంగ్లిష్ ఛానల్‌కు అవతలి ఒడ్డున సౌతాంప్టన్ చూడు. అక్కడ పోటు ఒకసారి నిండి, కాస్త తగ్గి, మళ్లీ నిండుతుంది. బ్రిటిష్ అడ్మిరల్టీ ఆ రేవుకు ప్రత్యేకంగా వంపు గీసి ఇస్తుంది. నీ ఏకాస్‌కు తెలిసింది ఒకే శిఖరం. అంతదూరం ఎందుకు, హుగ్లీ నదిలో నీరు గబగబా ఎక్కి తాపీగా దిగుతుంది.

గణకుడు: ఎక్కే కాలం, దిగే కాలం వేరైనంత మాత్రాన సూత్రం చెడదు. ప్రతి జతకూ దాని వ్యవధే తీసుకుంటుంది. కానీ లోపలి వంపే కొసైన్‌లా లేకపోతే చెడుతుంది, అదీ నిజమే. లోతు తక్కువైన కాలువల్లో అలా అవుతుంది. అప్పుడు ఇంకో దారి ఉంది. రోజుకు రెండుసార్లు వచ్చే చంద్రుడి అల ఆవర్తం 12.42 గంటలు, సూర్యుడిది 12 గంటలు, రోజుకు ఒకసారి వచ్చేవి 23.93, 25.82 గంటలు. ఇలాంటివి ఎన్ని కావాలంటే అన్ని కలుపుకోవచ్చు, నిస్సారపు నీటిలో పుట్టే పొట్టి అలలతో సహా. అయిదు నిమిషాలకో వరస పెట్టి మట్టం కట్టి, కావలసిన అంకెను ఏ రెండు వరసల నడుమ దాటిందో చూస్తే చాలు. తిరగేసే సూత్రం అవసరమే ఉండదు.

నావికుడు: అప్పుడు నీ మొదటి సుగుణం పోతుంది. పదో తరగతి కుర్రాడు తప్పు పట్టుకుంటాడన్నావు. ముప్ఫై అలల ఎత్తులూ దశలూ, ఆ పైన చంద్రుడి పాతాల 18.6 ఏళ్ల సవరణా కలిసిన షీటును ఎవరు పట్టుకుంటారు? అదీ యాప్ లాగే అయింది. అర్థమయ్యే సూత్రం మొగ దగ్గర తప్పుతుంది, తప్పని సూత్రం అర్థం కాదు.

గణకుడు: ఆ దెబ్బ తగిలింది. రెంటిలో ఒకటి ఎంచుకోవాలంటే చిన్నదే ఎంచుకుంటాను. దాని తప్పును కొలిచి సరిచేసుకోవచ్చు కనక. మొగ దగ్గర అంకెలు వేసిన కర్ర ఒకటి పాతాలి. నీరు కావలసిన గీతకు ఎప్పుడొచ్చిందో షీటులో పక్క గడిలో రాస్తూ పోవాలి. కొన్నాళ్లకు ఈ మొగలో నీరు పట్టిక రేవు కంటే ఎంత ఆలస్యమో, ఏ గాలికి ఎటు జరుగుతుందో తెలిసిపోతుంది. మీరు చెప్పే పరిచయాన్ని అంకెల్లో రాసుకోవడమే ఇది.

నావికుడు: మంచిదే. మరి అడుగున ఇసుక సంగతి? నీ 8:35లో సగం సముద్రం లెక్క, సగం 0.8 అనే మేట లోతు. సముద్రం లెక్క ఏళ్ల ముందే చెప్పగలం. మేట లోతు చార్టు వేసిన నాటిది. గోదావరికి వరదొచ్చి తీశాక మొగ ఎటు తిరుగుతుందో, ఇసుక ఎక్కడ పేరుకుంటుందో ఎవరి పట్టికలోనూ ఉండదు. బాగా తెలిసిన సగం నుంచి నిమిషాలు పుడతాయి, తెలియని సగం వాటి వెనక దాక్కుంటుంది. హుద్‌హుద్ లాంటి తుపాను రోజును చూపించి నిన్ను గెలవాలని లేదు, ఆ రోజు ఎవడూ సముద్రం మీదికి పోడు. ఎండ కాస్తున్న మామూలు రోజు సంగతే చెబుతున్నాను.

గణకుడు: అక్కడ నా దగ్గర జవాబు లేదు. లోతు కొలవకుండా వేళ చెప్పే షీటు సగం షీటే. పైగా షీటుకు దాని సొంత గుంటలూ ఉన్నాయి. తేదీ లేకుండా వేళ ఒక్కటే ఎక్కిస్తే రాత్రి 11కి ఆటు, తెల్లవారి 5కి పోటు వచ్చిన రోజు వ్యవధి మైనస్‌లోకి పోతుంది. పట్టికలోంచి తెచ్చి అతికించిన వేళ అంకెగా కాక అక్షరాలుగా పడితే సూత్రం ఆగిపోతుంది. చార్టు లోతులకూ పోటు మట్టాలకూ సున్నా ఒకటే, నేల సర్వేలో వాడే సగటు సముద్ర మట్టం వేరు. ఆ రెండూ కలిస్తే షీటు ఏ ఎర్రరూ చూపించకుండా మీటరు దాకా తప్పు చెబుతుంది. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ మీ కన్ను చేయలేనిది కూడా ఒకటుంది.

నావికుడు: రేపటి నీరు చూడలేదు. నువ్వు అనకముందే ఒప్పుకుంటాను. ఒడ్డున నిలబడి చూస్తే ఇప్పుడు ఎంతుందో తెలుస్తుంది. ఐసు ఎప్పుడు ఎక్కించాలో, డీజిలు ఎప్పుడు పట్టించాలో, కలాసీలను ఎన్నింటికి రమ్మనాలో ముందు రోజే తేలాలి. తిథిని బట్టి రోజుకు ఇంచుమించు 50 నిమిషాలు వెనక్కి జరుపుకుంటూ పెద్దలు చెప్పిన లెక్క ఉంది. అది పోటు వేళ చెబుతుంది, మట్టం చెప్పదు. రెండు అమావాస్యల పోట్లు ఒకే ఎత్తుకు రావు, చంద్రుడి దూరం వేరు కనక. అక్కడ నీ పట్టికే మేలు.

గణకుడు: అయితే మనం మూడు వరసల దగ్గర కలుస్తున్నట్టే. నీరు ముందొస్తే ఎప్పుడు, పట్టిక ప్రకారం ఎప్పుడు, వెనకొస్తే ఎప్పుడు.

నావికుడు: కలవలేదు. నడిమి వరస తీసెయ్ అంటాను. మూడు అంకెలు పక్కపక్కన ఉంటే మనిషి కన్ను నడిమిదాని మీదే పడుతుంది. ముందుదీ వెనకదీ చూడడు. వెనకది ఒక్కటే ఇవ్వు. ‘8:55కి ముందు మొగలోకి రావద్దు’ అని రాయి. అష్టమినాడు ‘నీళ్లు చాలకపోవచ్చు’ అని రాయి. అది మేలుచేసే షీటు.

గణకుడు: వెనకది ఒక్కటే ఇస్తే నా షీటు తప్పని ఎవరూ నిరూపించలేరు. నీరు 8:20కి వచ్చినా, 8:50కి వచ్చినా ‘8:55కి ముందు వద్దు’ అన్నమాట చెల్లుతూనే ఉంటుంది. కర్ర మీద చదివిన వేళను దేనితో పోల్చాలి? నడిమి వరసతోనే. అది తప్పుతుంది కాబట్టే దాన్ని దిద్దగలం. దాన్ని దాచేస్తే లోపల ఏం జరుగుతోందో ఒడ్డువాళ్లకు తెలియదు, మీరు వద్దన్న యాప్‌నే మళ్లీ వాళ్ల చేతిలో పెట్టినట్టవుతుంది. పైగా ముప్ఫై రోజులు ఊరికే ఇరవై నిమిషాలు ఆగినవాడు ముప్ఫై ఒకటో రోజు షీటును పక్కన పడేసి వెళ్లిపోతాడు.

నావికుడు: ముప్ఫై రోజులు నడిమి అంకెతో క్షేమంగా దాటినవాడు ముప్ఫై ఒకటో రోజు కర్ర వైపు చూడడు. నువ్వు చెప్పే దిద్దుబాటు చేసేది ఒడ్డున కూర్చుని పుస్తకం రాసేవాడు. మేట మీద బోటుతో ఆగిపోయేది వేరేవాడు. ఆ ఇద్దరూ ఒక్కరే అయిన రోజున నడిమి వరస ఉంచుకో, నేను అడ్డుచెప్పను.

గణకుడు: ఆ ఇద్దరినీ ఒక్కరిని చేయాలంటే నడిమి వరస ఇచ్చి కర్ర అతని చేతికే అప్పగించాలి. ఇవ్వకుండా అతను నేర్చుకునేదెలా?

నావికుడు: నేర్చుకునే ఖర్చు ఎవరి బోటు భరిస్తుందో ముందు చెప్పు. ఆ గడి నీ షీటులో ఎక్కడుంది?